మలుపు నేర్చిన మజిల్ కార్లు

అమెరికా మజిల్ కారుకు సూటిగా దూసుకుపోవడం ఒక్కటే తెలుసు, మలుపు వస్తే తడబడుతుంది అన్న మాట కార్ల మీద మోజున్నవాళ్ల నోళ్లలో దశాబ్దాలుగా నానుతోంది. పోర్షే, బీఎండబ్ల్యూ పేర్లు చెప్పి మస్టాంగ్‌నూ కమారోనూ తీసిపారేయడం ఇప్పటికీ పరిపాటే. ఒకప్పుడు ఆ మాట నిజం. ఇప్పుడు మాత్రం అన్యాయం.

ఒకప్పుడు ఎందుకు నిజమైందంటే, ధర వల్ల. 1964 ఏప్రిల్ 17న న్యూయార్క్ వరల్డ్ ఫెయిర్‌లో ఫోర్డ్ కంపెనీ మస్టాంగ్‌ను జనం ముందు పెట్టినప్పుడు దాని ధర 2,368 డాలర్లు. ఫాల్కన్ అనే మామూలు కుటుంబపు కారు అడుగుభాగాన్నే వాడుకున్నారు కాబట్టి ఆ ధరకు ఇవ్వగలిగారు. తొలి ఏడాదిలోనే 4 లక్షలకు పైగా అమ్ముడుపోయాయి. పైన బాడీ ఎంత సొగసుగా ఉన్నా, వెనకవైపు బరువు మోసింది మాత్రం లారీలకు ఉండేలాంటి కమాన్ కట్టలు, రెండు చక్రాలనూ కలిపి బిగించిన ఒకే యాక్సిల్. ఆ రోజుల్లో కొనేవాళ్లు అడిగిందీ మలుపులు కాదు. డెట్రాయిట్‌లోని వుడ్‌వర్డ్ అవెన్యూలో సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు పందేలు వేసుకునే కుర్రాళ్లకు కావలసింది పెద్ద ఇంజిన్. పెట్రోలు చవక, రోడ్లు గీత గీసినట్టుంటాయి.

యూరప్ లెక్క వేరు. అక్కడ పెద్ద ఇంజిన్‌కు పన్ను ఎక్కువ. ఇటలీలో రెండు లీటర్లు దాటితే పడే పన్ను తప్పించడానికి ఫెరారీ అంతటి కంపెనీయే 1975లో 208 జీటీ4 పేరుతో రెండు లీటర్ల వీ8 కారు చేసింది. ఇంజిన్ చిన్నదైనప్పుడు వేగం కావాలంటే బరువు తగ్గించాలి, కొండదారుల మలుపుల్లో వేగం పోకుండా కాపాడుకోవాలి. అందుకే వాళ్ల ఇంజనీర్ల శ్రద్ధంతా సస్పెన్షన్ మీదికి పోయింది.

ఆ ఒకే యాక్సిల్ చేసే చేటేమిటో దగ్గరగా చూస్తే తెలుస్తుంది. అది కావడి లాంటిది, ఒక కొస లేస్తే రెండో కొస కదలక తప్పదు. కారు మలుపులో ఒరిగి ఉన్నప్పుడు లోపలి చక్రం చిన్న గతుకెక్కిందనుకుందాం. యాక్సిల్ మొత్తం వాలుతుంది, దానితోపాటు బయటి చక్రమూ వాలుతుంది. మలుపులో కారును నిలబెట్టేది ఆ బయటి టైరే. సరిగ్గా అవసరమైన క్షణంలో దాని పట్టు సడలి, కారు వెనకభాగం పక్కకు గెంతుతుంది. విడివిడి సస్పెన్షన్ ఉంటే ఏ చక్రం గతుకు దాని వరకే.

అయితే మనసు పెడితే ఆ పాత యాక్సిల్‌తోనూ అద్భుతాలు చేశారు. 1966లో మొదలైన ట్రాన్స్-యామ్ పోటీలు మెలికలు తిరిగిన సర్క్యూట్ల మీద జరిగేవి. వాటి కోసమే షెవ్రొలే కమారో జెడ్/28ను తెచ్చింది. మార్క్ డోనహ్యూ దానితో 1968, 1969ల్లో వరసగా షెవ్రొలేకు టైటిళ్లు సాధించిపెట్టాడు. 1970లో పార్నెల్లీ జోన్స్ నడిపిన మస్టాంగ్ బాస్ 302 ఆ టైటిల్‌ను ఫోర్డ్‌కు తెచ్చింది.

అదే పేరుతో 2012 మోడల్‌గా వచ్చిన బాస్ 302 గురించి కాస్త ఎక్కువే చెప్పుకోవాలి. ఫోర్డ్ ఇంజనీర్లు ఎదురుగా పెట్టుకున్న లక్ష్యం బీఎండబ్ల్యూ ఎం3, తేల్చుకునే చోటు కాలిఫోర్నియాలోని లగూనా సెకా ట్రాక్. ఎం3 ధర అప్పట్లో దాదాపు 60 వేల డాలర్లు, బాస్ ధర 40 వేల పైచిలుకు. వెనక ఉన్నది ఇంకా ఆ ఒకే యాక్సిలే. షాక్ అబ్సార్బర్ల పైకొసన ఒక స్క్రూ ఉంటుంది. ముందువైపు బానెట్ ఎత్తి, వెనకవైపు డిక్కీ తెరిచి, స్క్రూడ్రైవర్‌తో అయిదు మెట్లలో ఎవరికి వారే బిగించుకోవచ్చు. రేసు మెకానిక్కులు పాతరోజుల్లో చేసిన పద్ధతే. అయిదు లీటర్ల ఇంజిన్, 444 హార్స్‌పవర్, మలుపులో ఎటు తిప్పితే అటు తిరిగే ముందు చక్రాలు. సగటు ఉద్యోగి అప్పు చేసి కొనగలిగిన కారు యూరప్ కార్లతో ట్రాక్ మీద భుజం భుజం కలిపింది.

తర్వాతి మార్పులు చకచకా వచ్చాయి. 2015 మస్టాంగ్‌లో అన్ని మోడళ్లకూ వెనక విడివిడి సస్పెన్షన్ పెట్టారు. 2016 కమారో క్యాడిలాక్ ఏటీఎస్ పునాది మీద కట్టడంతో తేలికైంది. ఇంకో సంగతి కూడా చాలామంది గమనించరు. షాక్ అబ్సార్బర్ ద్రవంలో సన్నటి ఇనుప రజను కలిపి, కరెంటుతో క్షణంలో గట్టిపడేలా చేసే విద్య 2002లో అమెరికా కారు క్యాడిలాక్ సెవిల్‌తోనే మార్కెట్లోకి వచ్చింది. ఆడీ, ఫెరారీ ఆ తర్వాతే దాన్ని తీసుకున్నాయి.

ఆ విద్యను అందరికీ అందుబాటులోకి తెచ్చిన కారు 2017 కమారో ఎస్ఎస్ 1ఎల్ఈ. 455 హార్స్‌పవర్, బ్రెంబో బ్రేకులు, ఎలక్ట్రానిక్ డిఫరెన్షియల్, ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ వేర్వేరు కూలర్లు. ఇదంతా 45 వేల డాలర్లలోపే. ఆ ఏడాది బీఎండబ్ల్యూ ఎం4 కొనాలంటే 65 వేలు దాటేది. అంతకుముందు 2013లో కొత్త కమారో జెడ్/28 జర్మనీలోని 20.8 కిలోమీటర్ల న్యూర్‌బర్గ్‌రింగ్ చుట్టును, దారిలో కొంతమేర వాన తడి ఉన్నా, 7 నిమిషాల 37.40 సెకన్లలో పూర్తిచేసింది. ఆ కారు 75 వేల డాలర్లది, చవకేం కాదు. కానీ బరువు తగ్గించడానికి స్పీకర్లన్నీ పీకేసి, సీటు బెల్టు హెచ్చరిక వినబడేందుకు ఒక్కటి మాత్రం ఉంచిన ఇంజనీర్ల పట్టుదల ముందు ‘సూటి రోడ్డు కారు’ అన్న ముద్ర నిలవదు.

యూరప్ ఇంకా ముందున్న చోట్లు ఉన్నాయి, ఒప్పుకోవాలి. పోర్షే కేమన్‌లో ఇంజిన్ మధ్యలో ఉంటుంది, బరువు 1,400 కిలోల దరిదాపు. మస్టాంగ్ జీటీ సుమారు 1,700 కిలోలు. ఇరుకు కొండదారిలో స్టీరింగ్ పట్టిన చేతులకు రోడ్డు తెలిసే తీరులో కేమన్‌కు సాటి లేదు. కమారోలో కూర్చుంటే బయట సరిగ్గా కనబడదు. వెనక సస్పెన్షన్ మెర్సిడెస్ నుంచి వచ్చినా, 1,900 కిలోల డాడ్జ్ చాలెంజర్ మలుపుల కారు కాలేకపోయింది. మరోవైపు బీఎండబ్ల్యూ ఎం4 కూడా ఇప్పుడు 1,700 కిలోలకు చేరింది. తేలికదనం యూరప్ సొత్తు అనడానికి ఇప్పుడు వీల్లేదు.

బాధ కలిగించేది వేరే సంగతి. మలుపులు నేర్చిన కమారో ఉత్పత్తి 2023 డిసెంబర్‌లో ఆగిపోయింది. 2024లో న్యూర్‌బర్గ్‌రింగ్‌ను ఏడు నిమిషాలలోపు చుట్టివచ్చిన మస్టాంగ్ జీటీడీ ధర 3 లక్షల డాలర్ల పైమాటే, అది సామాన్యుడి కారు కాదు. మన దేశానికి 2016లో వచ్చిన మస్టాంగ్ సైతం 65 లక్షల రూపాయల దగ్గర మొదలైంది, అమెరికాలో ఉన్న ఆ చవకతనం ఇక్కడ కనబడనే లేదు. ఫోర్డ్ ఇప్పుడు చేయవలసింది 3 లక్షల డాలర్ల రికార్డు కాదు, బాస్ 302లాంటి కారును మళ్లీ మామూలు జీతగాడి అందుబాటులో పెట్టడం.

అంతవరకూ డాలస్‌లోనో న్యూజెర్సీలోనో స్థిరపడి, తొలి స్పోర్ట్స్ కారు కోసం యూరప్ బ్యాడ్జీ వైపు చూస్తున్న మన తెలుగు కుర్రాళ్లు ముందు ఒక పాత కమారో ఎస్ఎస్ 1ఎల్ఈని గానీ, పెర్ఫార్మెన్స్ ప్యాక్ ఉన్న మస్టాంగ్ జీటీని గానీ నడిపి చూడాలి. ట్రాక్ మీద తిరిగిన బండి అయ్యే అవకాశం ఎక్కువ కాబట్టి క్లచ్, బ్రేక్ డిస్కులు, వెనక టైర్లు మెకానిక్‌కు చూపించాకే బేరం మొదలుపెట్టాలి.