బాండ్ రాయించుకుని అయ్యవార్లను తయారు చేయగలమా?

పోయిన ఆదివారం కమిటీ మీటింగులో జరిగిన చర్చ గురించి, రాలేకపోయినవాళ్ళ కోసం రాస్తున్నాను. కొంచెం పొడుగు రాత. ఓపికగా చదవండి.

తెలుగు టీచరు అవుతామని మాట ఇచ్చే పిల్లలకు సంఘం తరఫున ఏడాదికి 20,000 రూపాయలు ఇవ్వాలని తీర్మానం పెట్టినారు. సంతోషంగా చెయ్యి ఎత్తినాను. తర్వాత షరతులు చదివినారు. చదువు ముగిసిన వెంటనే మూడేళ్ళు మన ప్రాంతం బడిలో తెలుగు చెప్పాలి. చెప్పకపోతే తీసుకున్నదంతా 12 శాతం వడ్డీతో తిరిగి కట్టాలి. ఇద్దరు జామీను సంతకం పెట్టాలి. ఎత్తిన చెయ్యి దించేసినాను. కొందరికి కోపం వచ్చినట్టుంది. అందుకే ఈ వివరణ.

ముందు నా కథ. మూడో తరగతి వరకు నేను తెలుగు బడి పిల్లవాడినే. ఆ ఏడాది మా ఊరి తెలుగు అయ్యవారు రిటైర్ అయినారు. ఆయన చోటికి ఇంకొకరు రాలేదు. కొన్నాళ్ళు చూసి, మా పదకొండు మందినీ తీసుకుపోయి తమిళ సెక్షన్లో కూర్చోబెట్టినారు. ఎవరూ ఆర్డర్ వేయలేదు, మన భాష మీద ఎవరికీ పగ లేదు. ఒక కుర్చీ ఖాళీ అయింది, అంతే. తమిళం నాకు అన్నం పెట్టింది, ఇప్పటికీ మనసులో లెక్క వేసుకునేది తమిళంలోనే. తెలుగు అక్షరాలు మళ్ళీ కూడబలుక్కున్నది రైల్వేలో చేరినాక, పార్సిల్ ఆఫీసులో గూడూరు, రేణిగుంట వైపు నుంచి వచ్చే మూటల మీద రాతలు చూసి. ఇందులో తప్పులుంటే ఆ మూటల్ని అడగండి.

మన మీటింగుల్లో ఎప్పుడూ 2006 చట్టం మాటే. తమిళం తప్పనిసరి చేసిన ఆ చట్టం ఒకటో తరగతిలో మొదలై ఏడాదికొక మెట్టు ఎక్కి 2016లో పదో తరగతి పరీక్షకు చేరింది. మన పిల్లలు మినహాయింపు కోసం కోర్టుకు పోవలసి వచ్చింది. ఆ పోరాటం జరగవలసిందే. కానీ కోర్టు ఆర్డరు చేతిలో పట్టుకుని పిల్లవాడు బడికి పోతే అక్కడ చెప్పే మనిషి ఉండాలి గదా. మా ఊరి కుర్చీ ఆ చట్టానికి నలభై ఏళ్ళ ముందే ఖాళీ అయింది.

కాబట్టి డబ్బు ఇవ్వడంలో నాకు రెండో మాట లేదు. తగువంతా బాండ్ దగ్గరే.

మా కోశాధికారి తమ్ముడు అన్నాడు: "అన్నా, మీ రైల్వేలో ట్రైనింగుకు బాండ్ రాయించుకోరా?" రాయించుకుంటారు. కానీ ట్రైనింగు ముగిసినాక డ్యూటీ ఇచ్చేదీ ఆ రైల్వేనే. మనం ఉద్యోగం ఇస్తామా? ప్లస్ టూ తర్వాత బి.ఎ. మూడేళ్ళు, బి.ఎడ్. రెండేళ్ళు. ఆ మీద టెట్ పాస్ కావాలి. తర్వాత టీచర్స్ రిక్రూట్‌మెంట్ బోర్డు నోటిఫికేషన్ కోసం కాచుకోవాలి. అందులో తెలుగుకు ఎన్ని పోస్టులు వస్తాయో, అసలు వస్తాయో రావో ఆ పిల్ల చేతిలో లేదు. పోస్టు వేసేది ప్రభుత్వం, వడ్డీ కట్టేది కూలివాని కూతురు. ఇదేమి లెక్క?

లెక్క అంటే గుర్తొచ్చింది. ఏడాదికి 20,000 చొప్పున అయిదేళ్ళకు లక్ష. ఇచ్చిన రోజు నుంచి 12 శాతం వేస్తే, సాదా వడ్డీ అయినా, చదువు ముగిసే రోజుకు 1,36,000. మనం సాయం అని పేరు పెట్టి ఇస్తున్నది ఇది.

ఇంకొకరు అమెరికాలో కూడా ఇలాగే ఉందన్నారు. నిజమే. అక్కడ టీచ్ గ్రాంట్ అని ఒకటి ఉంది. ఏడాదికి 4,000 డాలర్ల వరకు ఇస్తారు. పేద పిల్లలు చదివే బడిలో, టీచర్లు దొరకని సబ్జెక్టు ఎనిమిదేళ్ళ లోపల నాలుగేళ్ళు చెప్పాలి. చెప్పకపోతే గ్రాంటు అప్పుగా మారి మొదటి నుంచి వడ్డీ పడుతుంది. మీటింగులో చెప్పనిది ఒకటుంది. నిజంగా బడిలో పాఠం చెబుతున్న వేలమందికి కూడా అది అప్పుగా మారింది. ఏడాదికొకసారి పంపవలసిన సర్టిఫికెట్ ఆలస్యమైందనో, ఒక సంతకం లేదనో. తర్వాత పెద్ద గొడవై ప్రభుత్వమే దిగివచ్చి సరిచేయవలసి వచ్చింది. ముప్పై ఏళ్ళకు పైగా కాగితాల మధ్య బతికినవాడిని, చెబుతున్నాను: ఫారం మనిషి కంటే పెద్దదైపోతే ఏమవుతుందో నేను చూసినాను. అంత పెద్ద ఆఫీసులుండి వాళ్ళకే అలా అయితే, ఒక బీరువా, రెండు రిజిస్టర్లు ఉన్న మన సంఘం ఎంత?

ఆడపిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. తెలుగు బి.ఎ.కు ముందుకొచ్చేది మన దగ్గర ఎక్కువగా వాళ్ళే. పెళ్ళయి చిత్తూరో బెంగళూరో పోతే? బెంగళూరులో తెలుగు పిల్లలకు చెబితే సేవ కిందే రాసుకోవాలి. చిత్తూరులో చెబితే రాసుకోకూడదు, అక్కడ తెలుగుకు మనుషులున్నారు. ఈ మాట కొందరికి నచ్చదని తెలుసు. కానీ లెక్కలో రాకపోయినంత మాత్రాన వడ్డీ వేయడం, అత్తగారింటికి నోటీసు పంపడం నాకు సమ్మతం కాదు.

ఆరేళ్ళ కిందట ఒక అబ్బాయి మన డబ్బుతో చదివి కంపెనీ ఉద్యోగానికి పోయినాడని, బూడిదలో పోసిన పన్నీరయిందని అందరూ అంటారు. నాకూ బాధే. ఆ అబ్బాయిని నేను అడిగినాను. "రెండేళ్ళు నోటిఫికేషన్ కోసం కాచుకున్నాను పెద్దనాయనా, ఇంట్లో చెల్లెలి పెళ్ళి" అన్నాడు. ఆ రెండేళ్ళలో మనవాళ్ళు ఒక్కరైనా ఫోన్ చేసి ఎలా ఉన్నావని అడిగినామా? నేనూ అడగలేదు.

నేను ఊరికే ఇచ్చేయమనడం లేదు. పదిహేడేళ్ళ పిల్ల చేత జీవితకాలపు మాట రాయించుకోవద్దు. బి.ఎ.లో ఏ షరతూ లేకుండా సగం ఇవ్వండి. మాట అడగడం బి.ఎడ్.లో చేరేటప్పుడు. గడువు పదేళ్ళు పెట్టండి. పోస్టు వచ్చేదాకా మన ఆదివారం తెలుగు క్లాసు చెబితే దాన్నీ సేవగా లెక్కవేయండి, దానికి నెలకు ఏదో కొంత చేతిలో పెట్టండి. మాట నిలుపుకోలేకపోతే అసలు మాత్రం, సంపాదన మొదలైనాక చిన్న కంతుల్లో కట్టాలి. ఆ డబ్బు ఇంకొక పిల్లకు పోవాలి. జామీను వద్దు.

ఈ పద్ధతిలో కొంత డబ్బు పోతుంది. పోనీయండి. భవనానికి పెయింట్ వేసినప్పుడు ఇంత లెక్క అడిగినామా?

ఫారం నేను రాసి పెట్టినాను, ఒకే పేజీ, తెలుగులో ఒక పక్క, తమిళంలో ఇంకొక పక్క. పిల్లల తల్లిదండ్రుల్లో చాలామందికి తెలుగు చదవడం రాదు గదా. వచ్చే ఆదివారం జిరాక్సులు తెస్తాను. మొదటి పిల్లకు మొదటి ఏడాది డబ్బు నా పెన్షన్ నుంచి. అక్షర దోషాలు ఎవరైనా ముందుగా దిద్ది పెడితే మేలు.