గోడకో హుక్కుల పట్టీ

మనలాంటి బదిలీల ఇళ్లలో ఒక మాట తరచూ వినిపిస్తుంది. "ఉండేది మూడేళ్లు, ఆ మాత్రానికి గోడలకు మేకులెందుకు?" నాన్నగారు అనవచ్చు, అమ్మ అనవచ్చు, ఊరి నుంచి వచ్చిన తాతయ్య అనవచ్చు. వినడానికి పొదుపుగా, తెలివిగా ఉంటుంది. నాకు మాత్రం ఆ మాట నచ్చదు. ఎందుకు నచ్చదో, దానికి బదులు ఏం చేయవచ్చో చెబుతాను.

ఒకసారి ఐదో తరగతి పిల్లలను "మా ఇల్లు" గురించి పది వాక్యాలు రాయమన్నాను. ఒక అమ్మాయి మూడో వాక్యంగా ఇలా రాసింది: "మా ఇంట్లో పదకొండు డబ్బాలు ఉన్నాయి, వాటిని తెరవకూడదు." వాళ్లు ఆ ఊరికి వచ్చి అప్పటికి ఏడాదిన్నర. తెరిస్తే వస్తువులు ఎక్కడ పెట్టాలో తెలియదు, మళ్లీ ఆర్డరు వస్తే సర్దుకోవడం కష్టం, అందుకని ఆ డబ్బాలు వరండాలో అలాగే ఉన్నాయట. ఆ వాక్యంలో తప్పేమీ లేదు, నేను టిక్కు పెట్టాను. కానీ ఏడాదిన్నరగా ఆ పిల్ల బొమ్మలు, దాని డప్పు, నాయనమ్మ కుట్టిచ్చిన సంచీ ఆ డబ్బాల్లోనే ఉన్నాయి. మూడేళ్లంటే పెద్దవాళ్లకు ఒక పోస్టింగు. పదేళ్ల పిల్లకు అది బతికిన కాలంలో దాదాపు మూడో వంతు.

ఇక రెండో రకం ఇళ్లు. అక్కడ వచ్చిన మర్నాడే సుత్తి తీస్తారు. క్యాలెండరుకు ఒక మేకు, గొడుగుకు ఒకటి, దేవుడి పటాలకు నాలుగు, అద్దానికి రెండు. సగం మేకులు వంగిపోతాయి, వంగినవాటి పక్కనే ఇంకోటి దిగుతుంది. మూడేళ్లకు గోడ జల్లెడ అవుతుంది. క్వార్టర్ ఖాళీ చేసే రోజు ఒకరు కాగితం, పెన్ను పట్టుకుని వచ్చి గది గదికీ రంధ్రాలు లెక్క రాసుకుంటుంటే, అమ్మ పక్కన నిలబడి "ఇది మాకు ముందే ఉందండీ" అని చెప్పుకోవాల్సి వస్తుంది. ఆ సంభాషణ మీలో చాలామంది వినే ఉంటారు.

ఈ రెండింటికీ మధ్య ఒక దారి ఉంది. దాని పేరు హుక్కుల పట్టీ. అల్యూమినియంతోనో, స్టీలుతోనో చేసిన రెండు మూడు అడుగుల పట్టీ. దానికి పొడవునా ఒక గాడి ఉంటుంది. హుక్కులు ఆ గాడిలో అటూ ఇటూ జరుగుతాయి. కావాలంటే ఇంకో రెండు ఎక్కించవచ్చు, వద్దంటే తీసేయవచ్చు. పట్టీ మొత్తం గోడకు రెండు లేదా మూడు స్క్రూల మీద నిలుస్తుంది. అంటే పది వస్తువులకు పది రంధ్రాలు అక్కర్లేదు, రెండో మూడో చాలు. వెళ్లేటప్పుడు స్క్రూలు విప్పి, ఆ రంధ్రాల్లో కాస్త తెల్ల పుట్టీ నింపి, పట్టీని మూటలో కట్టుకుని పోవచ్చు. వంటింటికైతే గుండ్రటి స్టీలు కడ్డీ, దానికి ఇంగ్లీషు 'ఎస్' అక్షరంలా ఉండే కొక్కేలు దొరుకుతాయి. గరిటెలు, జల్లెడ, పట్టకారు అన్నీ వాటికే వేలాడతాయి.

ఇదేదో కొత్తగా బజారులోకి వచ్చిన వస్తువు అనుకోకండి. మన ఊళ్లలో ఉన్నదే. మీ అమ్మమ్మగారి పాత ఇంటికి వెళ్లినప్పుడు దండెం ఎలా ఉంటుందో చూడండి. ఒక వెదురు కర్ర, దాన్ని రెండు చివర్లా దూలానికి వేలాడదీసిన రెండు తాళ్లు. దాని మీద బట్టలు ఎటు కావాలంటే అటు జరపవచ్చు, తాడు పొట్టి చేస్తే కర్ర పైకి పోతుంది. గోడకు ఒక్క రంధ్రం లేదు. ఉట్టి కూడా అంతే. పిల్లికి, చీమలకు అందకుండా పాల కుండను, పెరుగు కుండను పైన వేలాడదీసే తాళ్ల అల్లిక అది. "ఉట్టికెగరలేనమ్మ స్వర్గానికెగురుతుందా" అనే సామెత అక్కడి నుంచే వచ్చింది. ఇక గోడలో దిగ్గొట్టిన చెక్క కొయ్యకు చిలక రూపు చెక్కేవారు కనుక దానికి చిలకకొయ్య అని పేరు. మీ హిందీ పుస్తకంలో ఖూంటీ అని చదివినది దాదాపు ఇదే. ఇంత అందమైన పేరున్న వస్తువు ఇప్పుడు ఎక్కువగా నిఘంటువులోనే కనిపిస్తోంది. నా మాట వినేవాళ్లుంటే హుక్కును మళ్లీ చిలకకొయ్య అనే పిలవమంటాను. ఎవరూ వినరని తెలుసు.

బెంగాల్, అస్సాంలలో చదివిన పిల్లలకు ఆల్నా తెలిసే ఉంటుంది. నేల మీద నిలబడే చెక్క చట్రం, దాని అడ్డ కర్రల మీద చీరలు, చొక్కాలు మడిచి వేస్తారు. గోడతో దానికి పనే లేదు. అమెరికాలో షేకర్లు అనే మత సమాజం వాళ్లు గది గోడల వెంట చెక్క పట్టీ బిగించి, దానికి వరసగా కొయ్యలు పెట్టుకునేవారు. టోపీలు, కోట్లే కాదు, కుర్చీలను కూడా తలకిందులుగా వాటికే తగిలించేవారు. ఎందుకో ఊహించండి. నేల ఊడవడం తేలిక, కుర్చీ కూర్చునే వైపు దుమ్ము పడదు. ఒక కుర్చీని గోడకు తగిలించవచ్చన్న ఆలోచనే నాకు భలే నచ్చింది. మన క్వార్టర్లలో మడత కుర్చీలకు ఇది చక్కగా పనికొస్తుంది.

అయితే ఏ గోడకు ఏది నిలుస్తుందో తెలియకుండా ఏదీ కొనకూడదు. బదిలీల వల్ల మనకు దొరికే చదువు ఇది, సొంత ఇంట్లో స్థిరంగా ఉండేవాళ్లకు ఇంత త్వరగా అబ్బదు. నేను పనిచేసిన చోట్లన్నీ గోడలు వేరు. అస్సాంలో పాత పద్ధతి ఇళ్లలో చెక్క చట్రం మధ్య ఇక్రా అనే రెల్లును పరిచి పైన మట్టి, సున్నం పూస్తారు. 1897 నాటి పెద్ద భూకంపం తర్వాత అక్కడ ఇలాంటి తేలికపాటి ఇళ్లకే మొగ్గు చూపారు. ఆ గోడలో స్క్రూ బిగిస్తే పెళ్లలు రాలడం తప్ప ప్రయోజనం ఉండదు. గోడను వేలితో తట్టుకుంటూ పోవాలి, చప్పుడు గట్టిగా వినిపించిన చోట చెక్క నిలువు ఉంటుంది, స్క్రూ అక్కడ బిగించాలి. రాజస్థాన్‌లో రాతి గోడల ఇళ్లలో దీనికి సరిగ్గా వ్యతిరేకం. అక్కడ సుత్తి, మేకు దండగ. డ్రిల్లింగ్ మిషన్ లేనిదే పని కాదు, రాయి కంటే రాళ్ల మధ్య అతుకులో రంధ్రం తేలిక.

మామూలు ఇటుక గోడ, సిమెంటు పూత ఉన్న క్వార్టరే ఎక్కువమందిది. దాని పైపూత సాధారణంగా ఒక సెంటీమీటరుకు కాస్త ఎక్కువ మందం. మేకు ఆ పూతలోనే ఆగిపోతే రెండు నెలల్లో ఊడుతుంది. రంధ్రం పూత దాటి ఇటుకలోకి పోవాలి, అందులో ప్లాస్టిక్ ప్లగ్గు పెట్టి స్క్రూ తిప్పాలి. స్క్రూ లోపలికి వెళ్లేకొద్దీ ప్లగ్గు విచ్చుకుని ఇటుకను లోపలి నుంచి పట్టుకుంటుంది. ఈ నైలాన్ ప్లగ్గును 1958లో జర్మనీకి చెందిన ఆర్థర్ ఫిషర్ రూపొందించారు. ఆయన పేరున వెయ్యికి పైగా పేటెంట్లు ఉన్నాయి, కానీ ప్రపంచంలో ఎక్కువ గోడల్లోకి వెళ్లింది వేలెడంత లేని ఈ ముక్కే. ఒక జాగ్రత్త. స్విచ్ బోర్డుకు నేరుగా పైనా కిందా డ్రిల్లు పెట్టకూడదు, తీగలు గోడ లోపల ఆ దారినే పోతుంటాయి. డ్రిల్లు పని పెద్దవాళ్లదే. గోడ తట్టి చూడటం, కొలవడం, పెన్సిల్ గుర్తు పెట్టడం మీ పని.

"రంధ్రాలే వద్దు, అంటించే హుక్కులు ఉన్నాయిగా" అంటారు మీలో కొందరు. ఉన్నాయి, మంచివే. 1996లో 3ఎం కంపెనీ తెచ్చిన రకానికి ఒక తోక ఉంటుంది. దాన్ని గోడ వెంబడి కిందికి లాగితే జిగురు పట్టీ సాగి, మరక లేకుండా ఊడి వస్తుంది. కానీ మన క్వార్టర్లకు వేసేది చాలా చోట్ల సున్నమో, డిస్టెంపరో. వాటి పైన చేయి రాస్తే తెల్లపొడి అంటుతుంది చూశారా? జిగురు అంటుకునేది ఆ పొడికే, గోడకు కాదు. రాత్రి పన్నెండింటికి ధబ్బుమని శబ్దం వస్తే దొంగ అనుకుని లేస్తాం, చూస్తే నేల మీద స్కూలు బ్యాగు. టైల్సు, అద్దం, బీరువా తలుపు, ఆయిల్ పెయింటు వేసిన చోటు, వీటికైతే అంటించే హుక్కు దివ్యంగా నిలుస్తుంది. స్నానాల గదిలో తువ్వాలుకు అదే సరి. సముద్రం పక్క ఊళ్లలో, వానలు ఎక్కువగా కురిసే కొండ ఊళ్లలో తేమకు అదీ తొందరగా వదులుతుంది.

బరువు సంగతి ఒకటి ఉంది. సైన్సు టీచరు క్షమిస్తే కాస్త వాళ్ల పాఠంలోకి వెళతాను. నాలుగు కిలోల బ్యాగు ఉందనుకోండి. హుక్కు గోడ నుంచి 3 సెంటీమీటర్లు ముందుకు వచ్చింది. హుక్కు పలక అడుగు అంచు నుంచి పైస్క్రూ 6 సెంటీమీటర్ల ఎత్తున ఉంది. ఆ స్క్రూను గోడలోంచి బయటికి లాగే బలం 4ను 3తో గుణించి 6తో భాగిస్తే వస్తుంది, అంటే రెండు కిలోల బరువంత. అదే హుక్కు 12 సెంటీమీటర్లు ముందుకు వస్తే ఆ బలం ఎనిమిది కిలోలు. బ్యాగు మారలేదు, గోడ మారలేదు, హుక్కు పొడవు మాత్రమే మారింది. బరువైనవాటికి పొట్టి హుక్కు, గొడుగుకు, టోపీకి పొడవు హుక్కు. పట్టీ మీద కూడా బరువైనవి స్క్రూల దగ్గరికి, తేలికవి మధ్యకు జరుపుకోవాలి. జరిపే వీలున్నదే ఇందుకు.

నేను అన్నిటికంటే గట్టిగా వాదించేది ఎత్తు గురించి. చాలా ఇళ్లలో హుక్కులు నాన్నగారి చేతి ఎత్తున ఉంటాయి. బిగించినవారు నాన్నగారు కనుక. పిల్లలు యూనిఫాం తీసి కుర్చీ మీద వేస్తారు, అమ్మ వచ్చి "ఎన్నిసార్లు చెప్పాలి" అంటూ తగిలిస్తుంది. అందని హుక్కు పిల్లలకు పెట్టి, వాళ్లు బద్ధకస్తులని తిట్టడం అన్యాయం అంటాను నేను. పిల్లల పట్టీ పిల్లల భుజం ఎత్తున ఉండాలి. చిన్నవాళ్లకు నిలువు పట్టీ ఇంకా మేలు. అందులో వరసగా గాళ్లు ఉంటాయి, హుక్కును ఒక గాడి పైకో కిందికో మార్చుకోవచ్చు. ఐదు నుంచి పదేళ్ల మధ్య పిల్లలు ఏడాదికి సుమారు ఐదారు సెంటీమీటర్లు పెరుగుతారు. ఒక్క పోస్టింగులోనే పదిహేను దాటుతుంది. పాత ఇంట్లో ద్వారబంధం మీద పెన్సిల్ గీతలతో ఎత్తు కొలిచే అదృష్టం మనకు లేదు, ద్వారబంధాన్ని లారీలో వేసుకుని పోలేం. నిలువు పట్టీ వెనకవైపు తేదీ వేసి గీత గీసుకోండి, అది మీతోనే వస్తుంది.

ఖర్చు మాట నిజమే. మేకులు చౌక, పట్టీ ఖరీదు. నాలుగు ఊళ్లు తిరిగితే లెక్క తిరగబడుతుందని నా నమ్మకం. భూకంపాల ప్రాంతంలో ఉన్నవాళ్లు మంచం తల వైపు పటాలు, బరువైన సంచులు వేలాడదీయకండి. అక్కడ ఖాళీ గోడే మంచిది.

అసలు ఇది ఇంటింటి సమస్యగా మిగలాల్సిన పని కాదు. నేను ఉన్న ఒక పాత క్వార్టర్‌లో పడకగది గోడలోనే చెక్క పట్టీ బిగించి, దానికి ఆరు కొయ్యలు ఉండేవి. రంగులు ఎన్నో పొరలు పడి కొయ్యలు లావెక్కాయి, అయినా గట్టిగానే ఉండేవి. మాకంటే ముందు ఎన్ని కుటుంబాల చొక్కాలు మోశాయో. తర్వాత ఉన్న కొత్త క్వార్టర్లలో అలాంటిది కనబడలేదు. కట్టేటప్పుడే గదికి రెండు పట్టీలు, ఒకటి పెద్దల ఎత్తున, ఒకటి పిల్లల ఎత్తున బిగిస్తే, వచ్చేవాళ్లు మేకు కొట్టరు, పోయేవాళ్లు పుట్టీ నింపరు, కాగితం పట్టుకుని రంధ్రాలు లెక్కపెట్టే పనీ తప్పుతుంది. మీ కాలనీ సంక్షేమ సంఘం సమావేశానికి అమ్మో, నాన్నగారో వెళితే ఈ మాట అడగమనండి.

అంతవరకు మీ పట్టీ మీది. సామాను సర్దేటప్పుడు దాన్ని అన్నిటికంటే చివర విప్పండి. స్క్రూలు, ప్లగ్గులు ఒక కవరులో వేసి, కవరును పట్టీకే టేపుతో అంటించండి. విడిగా వేస్తే కొత్త ఊళ్లో దొరకవు. లారీలో పంపకండి, లారీ రావడానికి వారం పడుతుంది. రైల్లో మీతోపాటు బెర్తు కింద పెట్టుకోండి, ఒక స్క్రూడ్రైవరు కూడా.