జాబితాలో ఎవరుంటారు?

సిబ్బంది వివరాలన్నీ కంప్యూటర్‌కెక్కించే పని ప్రభుత్వ శాఖల్లోనే కాక మన సంస్థల్లోనూ జరుగుతోంది. దానికి 'మానవ వనరుల సమాచార వ్యవస్థ' అని పెద్ద పేరు. (మనుషుల్ని వనరులనడం నాకెప్పుడూ మింగుడుపడలేదు. అది వేరే చర్చ.) ఏ సాఫ్ట్‌వేర్ కొనాలి, ఎంతవుతుంది అన్న దగ్గరే మన ఆలోచన ఆగిపోతోంది. అంతకుముందే తేల్చుకోవలసిన ప్రశ్న ఒకటుంది. ఉద్యోగి అంటే ఎవరు?

అంగన్‌వాడీనే చూడండి. 1975లో ఐ.సి.డి.ఎస్. మొదలైనప్పటి నుంచీ కార్యకర్తకీ ఆయాకీ ఇచ్చేదాన్ని 'గౌరవ వేతనం' అనే అంటున్నారు. పిల్లల్ని చూడటం, వండిపెట్టడం ఆడవాళ్ళకు పుట్టుకతో వచ్చే సేవ అన్న పితృస్వామ్య భావన ఆ ఒక్క మాటలో ఉంది. వాళ్ళవి సివిల్ పోస్టులు కావని 2006లో సుప్రీంకోర్టూ అంది. 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చింది. కేంద్రం తెరిచారా, ఎందరు పిల్లలొచ్చారు, ఎవరి బరువెంత, అన్నీ ఆమె ఫోన్‌లోంచే వెళ్ళాలి. ఆమె పనిని రోజూ కొలవడానికి ఇంత వ్యవస్థ ఉంది. ఆమె ఎన్నేళ్ళు చేసింది, ఎంత బకాయి రావాలి అన్నది చెప్పడానికి మాత్రం దాన్ని తయారు చేయలేదు.

అంగన్‌వాడీ కార్యకర్తలకీ సహాయకులకీ 1972 నాటి గ్రాట్యుటీ చట్టం వర్తిస్తుందని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఆ చట్టం లెక్కన సర్వీసు ఏడాదికి 15 రోజుల వేతనం. లెక్క కట్టాలంటే చేరిన తేదీ ఎక్కడో నమోదై ఉండాలి కదా! తీర్పు వచ్చాక కూడా, ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరులో మొదలైన సమ్మెలో వాళ్ళు గ్రాట్యుటీ కోసం అడగవలసే వచ్చింది. 2024 జనవరిలో ప్రభుత్వం ఎస్మా ప్రయోగించింది. సమ్మె చేస్తే అత్యవసర సేవ, హక్కు అడిగితే స్వచ్ఛంద సేవ!

ఇక మన ఇంటి సంగతి. మన సంస్థల్లో ఊళ్ళు తిరిగే స్త్రీలను 'వాలంటీర్లు' అనే రాసుకుంటాం. నిధులిచ్చేవారు మారినప్పుడల్లా కొత్త ప్రాజెక్టు, కొత్త ఫైలు. పన్నెండేళ్ళు పనిచేసిన మనిషి నలుగురు కొత్తవాళ్ళుగా కనిపిస్తుంది. అందుకని సర్వీసును ప్రాజెక్టుకి కాక మనిషికి ముడిపెట్టాలి. గౌరవ వేతనం, కాంట్రాక్టు, పూటపని, అందరూ ఒకే పట్టికలో ఉండాలి. ప్రసూతి సెలవు సర్వీసులో విరామంగా పడకూడదు.

కులం అడగడం ఎందుకని కొందరంటారు. అడక్కపోతే ఊళ్ళు తిరిగేది దళిత స్త్రీలు, ఆఫీసులో కూర్చునేది పైకులాల వాళ్ళు అన్న సంగతి ఏ పట్టికలోనూ తేలదు. అయితే ఆ వివరాన్ని ఆమే చెప్పాలి, పేరు చూసి ఇంకొకరు నింపకూడదు. లైంగిక వేధింపుల ఫిర్యాదుల విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఫిర్యాదు చేసినామె ఎవరో బయటపెట్టడాన్ని 2013 చట్టం నిషేధించింది. ఆ కాగితాలను సిబ్బంది ఫైలుతో కలిపితే అకౌంటెంట్ నుంచి డైరెక్టర్ దాకా అందరూ చదువుతారు. కమిటీకి తప్ప ఎవరికీ తెరుచుకోని చోట వాటిని ఉంచాలి.

తన గురించి ఏం రాశారో చూసుకుని, తప్పుంటే దిద్దించుకునే వీలు ప్రతి ఒక్కరికీ ఉండాలి, తెలుగులో. ప్రోగ్రామర్‌ని పిలిచే ముందు జరిగే మొదటి సమావేశానికి డైరెక్టర్, అకౌంటెంటే కాదు, వంటమనిషినీ ఊళ్ళు తిరిగే కార్యకర్తలనూ కూర్చోబెట్టండి. ఏ గడులు కావాలో వాళ్ళనడగండి.