మందు కంటే ముందు వాసన

సామ, కంది, అలసంద కలిపి చల్లితే మనల్ని వెనుకబడినవాళ్లన్నారు. పత్తి ఒక్కటే వేయించి మందు డబ్బాలు అంటగట్టారు. ఇప్పుడు అలసంద మీద పేనుబంక కనబడితే చాలు, మన కుర్రాళ్లే పంపు భుజానికెత్తుకుంటున్నారు.

గట్టు వెంట కొత్తిమీరను కోయకుండా పూతకు వదలండి. ఆ వాసనకు అక్షింతల పురుగులు, సిర్ఫిడ్ ఈగలు వస్తాయి. ఈగ పూతేనె తాగి పేనుబంక మధ్యే గుడ్లు పెడుతుంది; పిల్లపురుగులు ఆ బంకనే తింటాయి. పురుగు కొరికిన మొక్క కూడా వాసన మార్చి ఇలాంటి వేటగాళ్లను పిలుస్తుంది. పేనుబంక మొత్తం పోతుందని మేము అనం. కానీ మందు ఈ కాపలావాళ్లనూ చంపుతుంది, తర్వాత ముందుగా పుంజుకునేది పేనుబంకే. మళ్లీ డబ్బా కొనాలి, మళ్లీ అప్పు.

బడిలో మాత్రం పురుగంటే శత్రువే! ఇదెక్కడి చదువు? మాస్టార్లూ, పూత కాలంలో పిల్లల్ని గట్టు మీదికి తీసుకెళ్లండి. ఆ పురుగులకు మన భాషలో ఏ పేర్లున్నాయో వాళ్ల అవ్వలను అడిగి రాయించండి.