చేపముక్కలో ఇల్లాలి వాటా

సువర్ణరేఖా, ఖర్కాయీ నదుల సంగమము చెంత వెలసిన జంషెడ్‌పూరు పట్టణము సముద్రమునకు దూరమేగాని చేపకు దూరము కాదు. సాక్చీ బజారునకు పోయినవారికి రోహు, కట్ల, రొయ్యలు, చందువలు దొరకును. శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి ఉక్కు కర్మాగారమున పనికై వచ్చి, తరతరములుగా ఇచ్చట స్థిరపడిన తెలుగువారు ఈ బజారునకు పాత పరిచితులు. బిష్టుపూరులోని ఆంధ్రభక్త శ్రీరామ మందిరము వారి ఉనికికి సాక్షి. మనుష్యుల వెనుకనే చేపయు వచ్చినది! కొల్లేటి పరిసరములయందు కైకలూరు, ఆకివీడు చెరువులలో పెరిగిన రోహు, కట్ల చేపలు మంచుగడ్డల నడుమ సర్దబడి, సుమారు వేయి కిలోమీటర్లు ప్రయాణము చేసి తూర్పు రాష్ట్రముల బజారులకు చేరుచున్నవి.

చేప మంచి ఆహారమని మనవారికి వేరుగా బోధింపనక్కరలేదు. శ్రేష్ఠమైన మాంసకృత్తులు, బి-12 విటమిను, గుండెకు మేలుచేయు క్రొవ్వు అందులో గలవు. వారమునకు 100 నుండి 200 గ్రాముల చేప తినుట మేలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పియున్నది. నేను అడుగదలచినది వేరొకటి. చేప వండిన నాడు ఆ ముక్కలు ఎవరి కంచములలో ఎన్నెన్ని పడుచున్నవి?

ఈ పట్టణమున 8 గంటల పనిదినము 1912లోనే అమలునకు వచ్చినది. కాని ఆ 8 గంటలు అందరికిని ఒకే వేళను రావు. రాత్రి 10 గంటలకు షిఫ్టు దిగి వచ్చువారున్న ఇంట వంట ఎప్పుడు ముగియును, భోజనము ఎప్పుడు ముగియును? చింతపండు నానవేసి, మసాలా నూరి, పులుసు మరుగబెట్టి, పిల్లలకు పెట్టి, పెద్దలకు పెట్టి, చివరకు డ్యూటీనుండి వచ్చిన యజమానికి వడ్డించుసరికి కుండలో మిగులునది తలకాయయు, తోకయు, కొంచెము పులుసును. అదియే ఇల్లాలి భోజనము. దీనిని మన ఇండ్లలో త్యాగమని పొగడుదురు. నేను దానిని రోగమునకు ఆహ్వానమనియే అందును.

ఇది మాటవరుసకు అనుచున్నది కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 15 నుండి 49 ఏండ్ల వయస్సుగల స్త్రీలలో ఝార్ఖండున నూటికి 65 మందికి రక్తహీనత యున్నట్లు తేలినది. ఆంధ్రప్రదేశమున సుమారు 59 మందికి. అనగా పుట్టిల్లైనను, చేరిన ఊరైనను సగముకంటె ఎక్కువమంది స్త్రీలు రక్తము చాలకయే మెట్లెక్కుచున్నారు, నీళ్లు మోయుచున్నారు, బిడ్డలను కనుచున్నారు.

చేపలో ఇనుము అంత హెచ్చుగా లేకున్నను అది మరియొక మేలు చేయును. అదే భోజనమునందలి అన్నము, పప్పు, ఆకుకూరలలోని ఇనుమును దేహము గ్రహించుటకు తోడ్పడును. నిమ్మరసములోను, పచ్చి క్యాబేజీలోను ఉన్న సి విటమిను కూడ ఆ పనియే చేయును. క్యాబేజీని ఉడికించి ఆ నీటిని పారబోసినచో ఈ విటమినులో చాల భాగము పోవును. భోజనము కాగానే త్రాగు తేనీరు ఇనుమును అడ్డగించును గనుక గంటసేపైనను ఆగవలెను. రక్తహీనత తీవ్రముగానున్న వారు మాత్రము వైద్యునిచే పరీక్ష చేయించుకొని మాత్రలు వాడవలసినదే. ఆహారమొక్కటియే వారికి చాలదు.

కావున రాత్రి భోజనమునకు అరగంటలో ముగియునట్టి చేపకూరయు, దాని ప్రక్కను పచ్చికూరల కలగలుపును ఉండవలెనని నా అభిప్రాయము. వంట త్వరగా ముగిసినచో వండినవారును అందరితోపాటు కూర్చుండవచ్చును.

నలుగురికి అరకిలో చేప చాలును. అర అంగుళము మందముగల ముక్కలకు అర చెంచా పసుపు, చెంచా కారము, చెంచా అల్లము వెల్లుల్లి ముద్ద, కొంచెము జీలకర్ర పొడి, మిరియాల పొడి, ముప్పాతిక చెంచా ఉప్పు, అరచెక్క నిమ్మరసము పట్టించి 10 నిమిషములు ఉంచవలెను. పెనముపై రెండు మూడు చెంచాల నూనె వేసి ఒక్కొక్క ప్రక్కను నాలుగేసి నిమిషములు కాల్చినచో చాలును. చెంచాతో నొక్కినప్పుడు ముక్క పొరలుగా విడివడవలెను. లోపల పచ్చిగా, గాజువలె కనబడరాదు. రొయ్యలైనచో నాలుగైదు నిమిషములలో ఎఱ్ఱబడి ముడుచుకొనును. ఆపై ఉంచినచో రబ్బరువలెనగును. మూకుడునిండ నూనెపోసి వేయించుట, ఆ నూనెనే మరునాడు మరల కాచుట మంచివి కావు.

కలగలుపునకు పావుకిలో క్యాబేజీ సన్నగా తరిగి, ఒక క్యారట్టు తురిమి, దోసకాయ, ఉల్లిపాయ, కొత్తిమీర చేర్చి, వేయించిన వేరుసెనగపొడి రెండు చెంచాలు చల్లి, నిమ్మకాయ పిండవలెను.

ఇచ్చట ఒక గట్టి హెచ్చరిక. మన ఇండ్లలో కత్తిపీట ఒక్కటే. దానిపైననే చేప కోసి, దానిపైననే క్యాబేజీ తరిగినచో చేపను కాల్చుట వలన చచ్చు సూక్ష్మక్రిములు పచ్చికూరలో బ్రతికియే కడుపులోనికి పోవును. ముందు కూరలు తరిగి మూతపెట్టి, తరువాతనే చేపను ముట్టవలెను. పిమ్మట పీటను, చేతులను సబ్బుతో కడుగవలెను. క్యాబేజీ పైరేకులు తీసివేసి, మిగిలిన రేకులను విడదీసి, పారు నీటిలో వ్రేళ్లతో రుద్ది కడుగవలెను. అపరిశుభ్రమైన కూరలవలన బద్దెపురుగు గ్రుడ్లు లోనికి చేరి, మెదడులో బొబ్బలై మూర్ఛలు కలిగించుట మన దేశమున అరుదు కాదు. ఉప్పునీట ముంచి తీసినంత మాత్రమున ఆ గ్రుడ్లు చావవు.

చేపను కొనునప్పుడు మొప్పలు ఎఱ్ఱగా, కన్నులు తేటగా ఉబ్బియుండునట్లు చూడవలెను. వ్రేలితో నొక్కిన గుంట వెంటనే పూడవలెను. దూరప్రాంతపు చేపలలో ఫార్మాలిను కలుపుచున్నారని 2018లో పలు రాష్ట్రములలో గొడవ చెలరేగినది. ఈగ వ్రాలని, వాసనయే లేని, కఱ్ఱవలె బిగిసిన చేపను అనుమానింపవలసినదే.

పులుసు లేని చేప చేపయేనా అని పెద్దలు అడుగుదురు. పులుసుపై నాకు కోపము లేదు. మరునాటి పులుసు రుచి నేనును ఎరుగుదును. ఆదివారము తీరికగా వండుకొనుడు. ఎండుచేపలనుగూర్చి మాత్రము ఒక మాట. వానిలో ఉప్పు మిక్కిలి హెచ్చు. మనిషికి దినమునకు 5 గ్రాముల ఉప్పు మించరాదు గనుక రక్తపు పోటు గలవారు వానిని తగ్గించుట మేలు.

వడ్డించుటకు ముందు ముక్కలు లెక్కపెట్టుడు. నలుగురికి ఎనిమిది ముక్కలైనచో ఇల్లాలి రెండును మొదటనే ఆమె కంచములో పడవలెను. ఆలస్యముగా వచ్చువారి ముక్కలను వండక, మసాలా పట్టించి ఫ్రిజ్జులో నుంచినచో, వచ్చిన పిదప ఆయనయే పెనముపై వేసికొనవచ్చును. పగలంతయు కొలిమి యెదుట నిలిచిన చేతులకు అది గొప్ప పని కాదు. ఆయన వాటా కలగలుపులో మాత్రము ముందుగా ఉప్పు వేయరాదు, నీరు కారిపోవును. తరిగిన కూరను మూతపెట్టి చల్లగా నుంచి, తినబోవునప్పుడు నిమ్మరసము, చిటికెడు ఉప్పు కలుపుకొనవలెను.