గిటారు మెడ వంగినచో పారవేయవలెనా?

స్వల్పమైన వెలకు దొరకు విద్యుత్ గిటారులు నేడు పట్టణములందే గాక కొండయూళ్లయందును కానవచ్చుచున్నవి. వాద్యము కొన్న బాలుడు కొన్ని నెలలు శ్రద్ధతో సాధన చేయును. పిమ్మట తంత్రులు మెట్లకు మిక్కిలి ఎత్తుగా నిలుచును. నొక్కిన వ్రేళ్లు కందును. స్వరము శ్రుతి తప్పును. అంతట తలిదండ్రులు “వీనికి సంగీతము రాదు” అందురు. బాలుడును అట్లే నమ్మి వాద్యమును మూలనుంచును. దోషము వ్రేళ్లది కాక కొయ్యది కావచ్చునని తలంచువారు అరుదు. బాలుని శక్తిని నిందించుటకు ముందు గిటారు మెడను పరీక్షింపవలెననియు, దానిని మార్చుటకు ముందు బాగుచేయ యత్నింపవలెననియు నా అభిప్రాయము.

లంబసింగివంటి చోట ఈ విషయము మఱింత ముఖ్యము. సముద్రమట్టమునకు సుమారు 1,000 మీటర్ల యెత్తున నున్న ఆ యూరిలో డిసెంబరు, జనవరి నెలలందు వేకువను మంచు దట్టముగా క్రమ్మును. ఒక్కొక్కయేడు చలి సున్న డిగ్రీల దాపునకు దిగును. వానకాలమంతయు గాలి తేమతో నిండియుండును. కొయ్య తేమను పీల్చి ఉబ్బును, ఎండి కుదించుకొనును. రాత్రి మంచులో తడిసిన గిటారును ఉదయము చలిమంట చెంత గోడకానించినచో, మెడయొక్క ఒక ప్రక్క ముందుగా ఎండును, రెండవ ప్రక్క తేమతోనే యుండును. దానికితోడు ఆఱు తంత్రులును కలిసి సుమారు 45 కిలోల బలముతో మెడను ముందునకు లాగుచుండును. ఇట్టి స్థితిలో మెడ వంగుట వింత కాదు.

చవుక వస్తువు గనుకనే వంగినదని కొందఱందురు. అది సగము మాత్రమే నిజము. అమెరికాలో లియో ఫెండరు 1950లో తొలుత చేసిన గిటారులలో కొన్నింటికి మెడలో ఇనుపకడ్డీ లేదు. మెడలు వంగుట చూచి ఆ యేటనే కడ్డీని చేర్చవలసివచ్చెను. గిబ్సను కర్మాగారమున పనిచేసిన థాడియస్ మెక్‌హ్యూ అనునాతడు అంతకు పూర్వమే అట్టి కడ్డీని కల్పింపగా, 1923లో దానికి పేటెంటు లభించెను. దీనినే ట్రస్ రాడ్డందురు. నేటి చవుక గిటారులలో గూడ ఇది సాధారణముగా నుండును. మందు చేతిలోనే యుండగా రోగిని విడిచిపెట్టుట న్యాయమా?

పరీక్ష సులభము. శ్రుతి చేసిన పిదప లావుతంత్రిని మొదటి మెట్టువద్దను, చివరి మెట్టువద్దను ఒకేసారి నొక్కి, ఏడవ మెట్టుపైని సందును చూడవలెను. అది పావు మిల్లీమీటరు ప్రాంతమున నున్న మేలు. సందు మిక్కిలి యెక్కువైనచో మెడ ముందునకు వంగినది. తగిన అల్లెన్ కీతో కడ్డీమరను గడియారపుముల్లు తిరుగు దిక్కున బిగింపవలెను. సందే లేక తంత్రులు మెట్లకు తగిలి గరగరలాడినచో వెనుకకు వంగినది, మరను సడలింపవలెను. ఒక్కసారికి చుట్టులో నాలుగవవంతుకంటె మించరాదు. మరల శ్రుతి చేసి, ఒకదినము వేచి చూడవలెను. మర మొండికెత్తినచో బలము చూపక, తెలిసినవారిచేత చేయింపవలెను. మంటపై కాచి సరిచేయ బూనుట మాత్రము కూడదు, జిగురు వీడును.

అయినను మెడ వంగుట వేఱు, మెలితిరుగుట వేఱు. మెడవెంట దృష్టి నిలిపి చూచునపుడు మొదటి మెట్టును చివరి మెట్టును సమాంతరముగా కనబడనిచో అది మెలి. దానిని ఈ కడ్డీ సరిచేయజాలదు. కడ్డీ తెగినను అంతే. అట్టిచో క్రొత్త మెడను బిగించుటయే తగును. పెక్కు చవుక గిటారుల మెడలు నాలుగు మరలతోనే దేహమునకు బిగింపబడియుండును. కాని కొనుటకు ముందు కొలువవలెను. తల మొదట తంత్రులానుచోటినుండి పండ్రెండవ మెట్టువఱకుగల దూరమును రెట్టించిన తంత్రి నిడివి తెలియును: 324 మిల్లీమీటర్లైనచో 648. క్రొత్తదానికిని ఇదే నిడివి యుండవలెను. లేనిచో ఏ మెట్టును శ్రుతిలో పలుకదు. మెడ కూర్చుండు గూటి వెడల్పును, లోతును చూచుకొనవలెను. క్రొత్త మెడ వెల గిటారు వెలకు దగ్గరైనచో ఆలోచింపవలసినదే; అయినను మంచును మంటను తప్పింపనేర్వనివాడు రెండవ గిటారునుగూడ వంచును.

ఈ విషయమున మన ఉత్తరాంధ్రమునకు పాఠము చెప్పదగినది బొబ్బిలి వీణ. బొబ్బిలి చెంతనున్న గొల్లపల్లిలో ఒకే పనసకొయ్యనుండి కుండను, దండిని, తలను చెక్కుదురు. దండిని విడదీసి మార్చ వీలులేదు. మెట్లు మైనముపై నిలిచియుండుటచేత, మైనము చెడినపుడు దానిని తీసి, మెట్లను మరల శ్రుతికి సరిగా నెలకొల్పుదురు. దీనిని వీణకు వచ్చిన అవమానముగా నెవ్వరును తలంపరు. అది వాద్యజీవితములో నొక భాగమే. మరలు విప్పిన ఊడివచ్చు మెడగల గిటారునకు ఆపాటి ఓర్పు చూపలేమా?

కావున తలిదండ్రులారా, బిడ్డకు విద్య రాదని తీర్పు చెప్పకముందు ఆ తంత్రి క్రింది సందును ఒకపరి చూడుడు. విద్యార్థులారా, వాద్యమును గోడకును మంటకును దూరముగా సంచిలో నుంచుడు. సంవత్సరమున రెండుసార్లు, వానల తరువాతను చలి తరువాతను, మెడను పరీక్షింపుడు. పాఠశాలలో వడ్రంగము నేర్పుచోట ఈ పనినిగూడ నేర్పినచో లాభము కలుగును. కొయ్య వంగినచో సరిచేయ సాధనములున్నవి. నిష్కారణముగా క్రుంగిన బాలుని ఉత్సాహమును నిలువబెట్టుట అంతకంటె కష్టము.