వృత్తానికి పాదాలెన్ని?

ఈ ప్రశ్నకు తెలుగు మాస్టారు తడుముకోకుండా ‘నాలుగు’ అంటారు. ఉత్పలమాల, చంపకమాల వృత్తాలే కదా! లెక్కల మాస్టారూ కాదనలేరు. మూలబిందువు కేంద్రంగా గ్రాఫులో గీసిన వృత్తం నాలుగు పాదాల్లోనూ ఉంటుంది.

గణిత హాస్యమంటూ మన పిల్లలకు చేరేవి ఎక్కువగా ఇంగ్లిష్ జోకులే. ‘పై’ అనగానే నవ్వాలంటే ఆ పేరుతో ఒక వంటకం ఉందని తెలియాలి. మనకు ‘పై’ అంటే మీద. శ్లేష అనువాదానికి లొంగదు. ఏ భాషలో దాన్ని ఆ భాషలోనే పుట్టించుకోవాలి.

ఇది కాలక్షేపం మాత్రమే కాదు. మాట వెనక బొమ్మ ఉంటుంది. చాపం అంటే విల్లు, జ్యా అంటే దాని నారి. త్రికోణమితిలో ‘సైన్’కు సంస్కృతంలో జ్యా, జీవా అనే పేర్లుండేవి. అరబ్బులు దాన్ని ‘జీబా’గా తీసుకున్నారు. అచ్చు గుర్తులు లేకుండా రాస్తే అది ‘జైబ్’ అనీ చదవచ్చు. జైబ్ అంటే దుస్తుల మడత. మన ‘జేబు’ అక్కడిదే. 12వ శతాబ్దంలో లాటిన్ అనువాదకులు ఆ మడతనే ‘సైనస్’ అన్నారు. అలా వింటినారి మాయమై, బట్టీ పట్టాల్సిన శబ్దం మిగిలింది.

తెలుగు మాధ్యమంలో బొమ్మ ఇంకా ఉంది, చూపించడమే లేదు. లవం, హారం, ప్రమేయం అని వల్లె వేయిస్తున్నాం. పాఠానికి ముందు రెండు నిమిషాలు మాటను విప్పి చెబితే చాలు. ‘సున్నాను హారంగా వేయకూడదు సార్’ అని ఏ అమ్మాయైనా చమత్కరిస్తే, సున్నాతో ఎందుకు భాగించకూడదో అడగండి. నవ్వు నుంచే పాఠం మొదలవుతుంది.